నాలుగు వేళ్ళ నీళ్ళు

చంద్రపూర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని కందిపప్పు ఏరుకుంటుంటే ఫోన్ మోగింది. "అమ్మా, నేను మీ ఊరి ఫాదర్‌ను మాట్లాడుతున్న. మన గుడి కూలగొడుతున్నం. ఆఖరు పూజ వచ్చే ఆదివారం. కట్టినోళ్ళ ఇంటి నుంచి ఒక్కలన్న ఉండాలెనని మా కమిటీ అనుకున్నది. మీరు రావాలె, సన్మానం చేస్తం" అన్నాడు. గొంతు చిన్నవాడిది, మర్యాద తెలిసినవాడిది. ఎందుకు కూలగొడుతున్నారని అడిగాను. "ఇంజనీరు సూసిపోయిండమ్మా. పాత సున్నం పని గద, బలం లేదంటుండు. గోడల నిండ తేమ. జనం నెత్తి మీద పడకముందే తీసెయ్యాలె" అన్నాడు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే ఏరిన పప్పూ ఏరని పప్పూ ఒకే చాటలో కలిపేసి ఉన్నాను. లోపం సున్నానిది కాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో బతికున్నది నేనొక్కదాన్నే. అంత చిన్న మాట ఆ అబ్బాయికి ఫోన్‌లో ఎందుకు చెప్పలేకపోయానో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

మేం క్రైస్తవులం కాము. సున్నం మేస్త్రీల ఇల్లు మాది. ఊరు మరాఠీ, తెలుగు కలిసే సరిహద్దున, కోర్పనా తాలూకాలో, గుట్టల కింద. ఎక్కడ గడ్డపార వేసినా సున్నపురాయే తగులుతుంది. మా తాత పోశం మేస్త్రి పడుచువాడుగా ఉన్న కాలంలో ఒక దొర ఫాదర్ గుర్రమెక్కి వచ్చి, ఊళ్ళో గుడి కట్టాలన్నాడట. నమూనా ఏదని తాత అడిగితే జేబులోంచి ఒక బొమ్మకాగితం తీశాడు. వాళ్ళ దేశంలో, ఆయన చిన్నప్పుడు పూజకు వెళ్ళిన గుడి అది. కాగితం ఒక పక్క చిరిగిపోయి ఉంది, అందుకే మా ఊరి గుడికి ఒకటే బురుజు. బొమ్మలో ముందు భాగం ఒక్కటే ఉంది, అందుకే ముందు నిలబడి చూస్తే కొనదేలిన కమానులు, బండిచక్రమంత గుండ్రటి కిటికీ, అందులో రంగుటద్దాలు. వెనక్కి వెళ్ళి చూస్తే జొన్నల గోదాము. వెనక ఎట్లుంటదని తాత అడిగితే దొర ఫాదర్ తల గోక్కుని, చిన్నప్పుడు వెనక్కి ఎన్నడూ పోలేదన్నాడట. మా ఇంట్లో ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది.

కొన ఉన్న కమాను నువ్వేం కడతావురా అని ఊరివాళ్ళు వెక్కిరిస్తే, తాత ఆ బొమ్మను కాసేపు చూసి "అరే, ఇది మన చాందా కోట దర్వాజ గద" అన్నాడట. చాందా అంటే చంద్రపూర్ పాత పేరు. గోండు రాజులు కట్టించిన ఆ కోట దర్వాజాల కమానులకూ పైన కొన ఉంటుంది. ఎక్కడో సముద్రాల అవతలి గుడిలో మా తాతకు కొత్తేమీ కనబడలేదు. బొమ్మలో కప్పు అంచున నోళ్ళు తెరుచుకుని ఏవో జంతువులున్నాయి, వాననీళ్ళు బయటికి కక్కడానికి. అవేమిటో బొమ్మలో ఆనవాలు తెలియలేదు, దొర చెప్పిన పేరు తాత నోటికి తిరగలేదు. ఆరు దున్నపోతు తలలు చెక్కి పెట్టాడు. వానొస్తే పిల్లలమంతా ఆ దున్నపోతుల నోళ్ళ కింద నిలబడి తల తడుపుకునేవాళ్ళం. గోడలు అంత ఎత్తు లేచాక బయటికి ఒరగకుండా రెండు పక్కలా ఊతగోడలు కట్టాడు. టేకు దూలాల కొసలు మూరెడు మూరెడు గోడల్లోకి దించి, పడవను బోర్లించినట్టు పైకప్పు లేపాడు. రాయికీ రాయికీ మధ్య, గోడ లోపలా బయటా, అంతా సున్నమే. సిమెంటు అన్న మాట మా తాలూకాలో పుట్టకముందు సంగతి అది.

ఆదివారం బస్సు దిగి నడుస్తుంటే దూరం నుంచి బురుజు కనబడింది, దగ్గరికొచ్చాక గోడలు కనబడ్డాయి. మనిషికి జబ్బు చేస్తే ఒంటి రంగు చూసి చెప్పడం నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సు పని చేశాను. ఆ గోడలది కాళ్ళకు నీరు దిగిన రోగి రంగు. బూడిదరంగు పూత పొట్టలు పొట్టలుగా ఉబ్బి ఉంది. పగుళ్ళ వెంట నాచు, కింద ఉప్పు పూసిన తెల్లటి చారలు. దున్నపోతుల్లో రెండు రాలిపోయాయి, ఒకదాన్ని ఎవరో మెట్ల పక్కన పూలకుండీకి ఆనించి పెట్టారు. లోపల తడి గోనెసంచి వాసన. పూజ అయ్యాక కమిటీ పెద్దాయన మైకు తీసుకుని, సగం మరాఠీ సగం తెలుగు కలిపి, "పోశం మేస్త్రి మంచి మనిషి, నాకారత్ నాహీ, కాదంటలేను. అయితే ఆ కాలంల సున్నమే ఉండె, ఏం జేస్తడు పాపం. జున్యా చున్యాత్ దమ్ నాహీ" అన్నాడు. పాత సున్నంలో సత్తువ లేదని దాని అర్థం. ఇంజనీరు తలూపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫాదర్ నా భుజాల మీద శాలువా కప్పాడు. మా తాతను పాపం అన్నందుకు నాకు శాలువా. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

సున్నం అంటే గోడకు వేసే తెల్లనీళ్ళని అనుకునేవాళ్ళకు మా ఇల్లు అర్థం కాదు. మా పెరట్లో ఒక గుంట ఉండేది, ఇద్దరు మనుషులు పడుకునేంత పొడుగు, ఛాతీ లోతు, నాలుగు వైపులా బండలు పేర్చింది. వాగు ఒడ్డున బట్టీలో కాల్చిన రాళ్ళు తెచ్చి అందులో వేసి నీళ్ళు పోస్తే, పొయ్యి లేకుండానే బుసబుసమని ఉడికేది. ఆ రోజు పిల్లలను ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసేవారు. చల్లారాక అడుగున మీగడలాగా సున్నం పేరుకునేది. దాన్ని వెంటనే వాడకూడదు. "మూడు వానలు తాగాలె" అనేవాడు మా బాపు. మూడేళ్ళూ దాని మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలిచి ఉండాలి. బొటనవేలు మడిచి, తక్కిన నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి కొలవాలి. ఒక్క రోజు పైన ఆరినా పొర కట్టి రాయైపోతుంది, దాన్ని చచ్చిన సున్నం అంటారు. ఈ ఏడు గుడికి వాడేది మూడేళ్ళ కిందట వేసింది, ఈ ఏడు వేసేది మూడేళ్ళ తరవాత వాడేది. ఇక దానికి అంతమెక్కడ? గుంట ఏనాడూ ఖాళీ అయ్యేది కాదు, ఇల్లు ఏనాడూ ఖాళీ అయ్యేది కాదు.

మా బాపు పేరు రాజం మేస్త్రి. ఆయన గోళ్ళు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. సాయంత్రం పని నుంచి వచ్చి గడప మీద కూర్చుంటే అమ్మ గిన్నెలో ఆముదం తెచ్చి చేతులకు రాసేది. పగుళ్ళలో ఆముదం దిగుతుంటే కళ్ళు మూసుకుని అమ్మ చెప్పే ఊరి సంగతులన్నీ వినేవాడు. ఇంటి చుట్టూ సున్నం గానుగ వాసనలు: అందులో కలపడానికి కుండల్లో నానే కరక్కాయ వగరు, పులిసిన బెల్లంనీళ్ళు, నలగ్గొట్టిన ఇటుకపొడి, గానుగ తిప్పే ఎద్దు పేడ. నాకిప్పటికీ ఆస్పత్రి డెట్టాల్ వాసన కన్నా అదే ముందు గుర్తొస్తుంది. సున్నం పక్వానికొచ్చిందో లేదో బాపు నాలుకతో చూసేవాడు. గోరంత తీసి నాలుక కొసన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపాగి "ఇంక నిద్రల ఉన్నది" అనో "లేసింది" అనో అనేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు వక్కాకులోకి సున్నం నింపుకోవడానికి నత్తగుల్లలు పట్టుకుని మా ఇంటికే వచ్చేవారు. మా సున్నం నోరు పొక్కించదని పేరు.

వానలు వెనకబట్టాక, క్రిస్మస్‌కు ముందు, ఏటేటా గుడికి సున్నం పని. పగుళ్ళు పూడ్చి, పైనుంచి కిందికి కొత్త పూత. పరంజా ఎక్కే ముందు బాపు ఊతగోడ మొదట్లో కొబ్బరికాయ కొట్టేవాడు, సున్నం బకెట్టుకు పసుపుకుంకాలు పెట్టేవాడు. అంతసేపూ మా చిన్నప్పటి ఫాదర్, కేరళ నుంచి వచ్చిన ముసలాయన, అటు తిరిగి గులాబి మొక్కలు చూస్తూ నిలబడేవాడు. అయిపోయిందని దగ్గు వినిపించగానే ఇటు తిరిగి, తన మంత్రజలం పరంజా మీద చల్లేవాడు. "రెండు నీళ్ళూ పడ్డయి. ఇగ ఎక్కు రాజన్నా" అనేవాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ ఏమీ అడగలేదు, ఏమీ కాదనలేదు. ఆ మర్యాదే తరవాత నాకు పనికొచ్చింది.

నాకు పదేళ్ళప్పుడు అన్నలిద్దరూ పద్మాపూర్ బొగ్గు గనుల పనికి పోయారు. గుంట నా మెడకు పడింది. పొద్దున్నే చాయ్ తాగకముందు రెండు బిందెలు, ఎండాకాలమైతే సాయంత్రం ఇంకో రెండు. పరాయివాళ్ళకు అప్పజెప్పడానికి లేదు. ఒకసారి పక్కింటామెకు చెప్పి వెళితే ఆమె దయగల మనిషి, గుంట నిండా పొంగేదాకా పోసిందట, సున్నం సగం కొట్టుకుపోయింది. అప్పటి నుంచి ఇంటి మనిషి చేతివేళ్ళే కొలత. జివతి గుట్టల మీద మా మేనమామ పెళ్ళి. ఎడ్లబండికి గంటలు కట్టారు, అమ్మ నాకు కూడా కొత్త లంగా కుట్టించింది. బండి కదిలేముందు బాపు నన్ను చూసి, కోపమేమీ లేకుండా, "గుంటకు నీళ్ళెవరు పోస్తరు బిడ్డా?" అన్నాడు. దిగిపోయాను. కొత్త లంగాతోనే బిందె ఎత్తాను. అది మొదలు ఆ మాట మా ఇంటి తలుపుకు గొళ్ళెం. రాజురా జాతర, తోటి పిల్ల పురుడు, చాందా కోట చూడడానికి బడిపిల్లలంతా బస్సెక్కిన రోజు, అన్నిటికీ అదే. మా తాత ఏ దర్వాజాను చూసి గుడి కట్టాడో ఆ దర్వాజా మా ఊరి పిల్లలందరూ చూశారు, నేను తప్ప.

సిస్టర్ల బడిలో పదో తరగతి పాసయ్యాను. పెద్ద సిస్టర్ చంద్రపూర్‌లో నర్సింగు చదువుకు సీటు మాట్లాడి, తనే ఇంటికొచ్చి బాపుతో చెప్పింది. బాపు ఆమెకు పీట వేయించి, చల్ల ఇప్పించి, అంతా విన్నాడు. సిస్టర్ వెళ్ళాక చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీసి చివరికి అదే అన్నాడు: "గుంటకు నీళ్ళెవరు పోస్తరు?" తిట్టినా బాగుండేది, ఎదురు తిరిగేదాన్ని. ఆయన నిజంగానే అడుగుతున్నాడు, నా దగ్గరేమైనా జవాబుందేమోనని. ఆ రోజు గుంట గట్టున కూర్చుని నేను దాన్ని ద్వేషించాను. గుంటను, దాని కోసం బతుకుతున్న ఇంటిని, గుడిని, ఆరు దున్నపోతులను, అందరినీ. అప్పటికి ఊళ్ళో మిగతావాళ్ళు సిమెంటుకు మారిపోయారు. మా సున్నం అక్కర ఉన్నది ఇక గుడి ఒక్కదానికే. గుడికి సున్నం అక్కర్లేకపోతే గుంట అక్కర్లేదు, గుంట అక్కర్లేకపోతే నేను అక్కర్లేదు. పదహారేళ్ళ బుర్రకు దారి అంత తిన్నగా కనబడింది.

ఆ ఎండాకాలమే ముసలి ఫాదర్ కళ్ళ ఆపరేషనుకు నాగపూర్ వెళ్ళి, మూడు నెలలు అక్కడే ఉండిపోయాడు. ఆవర్‌పూర్ వైపు కాలనీ ఇళ్ళు కడుతున్న ఒక గుత్తేదారు ఆదివారం పూజకు వచ్చేవాడు. మిగిలిన సిమెంటు బస్తాలు గుడి గోడలకు ఇస్తానని సిస్టర్లతో అన్నాడు. ఫాదర్ వచ్చాక చూద్దామన్నారు వాళ్ళు. సిస్టర్లకు పాలు పోయడానికి వెళ్ళి ఆ మాట విన్నాను. ఇంటికొచ్చి బాపుతో, "ఫాదర్ సిస్టర్లకు ఉత్తరం రాసిండట. వానలకు ముందే గుడికి సిమెంటు పూయించమన్నడట, నీతోనే" అన్నాను. మర్నాడు పాలు పోస్తూ పెద్ద సిస్టర్‌తో, "మా బాపు సిమెంటే మంచిదంటుండు సిస్టర్. ఫాదర్ పోయేముందే మా బాపు అడిగిండట, ఫాదర్ సరే అన్నడట" అన్నాను. ఫాదర్ మాటను సరిచూసుకోవడం బాపుకు తెలియదు. రాజం మేస్త్రి మాటను అనుమానించడం సిస్టర్‌కు తెలియదు. నా రెండు అబద్ధాలూ ఒకదాన్నొకటి ఊతగోడల్లా పట్టుకుని నిలబడ్డాయి.

బాపు ఒక్కసారి మాత్రం అడిగాడు. "ఫాదర్ గట్లనే రాసిండా? సిమెంటనే రాసిండా?" అవునన్నాను. "సున్నం గోడ ఊపిరి దీస్తది బిడ్డా. వానల తాగుతది, ఎండల ఆర్తది. సిమెంటు పెడితే సంచి మూతి గట్టినట్టు. తాగిన నీళ్ళు యాడికి పోతయి?" అన్నాడు. నాకు అర్థమైంది. ఇప్పుడు చిన్నదాన్ని, తెలియలేదు అని తప్పించుకోలేను. పుట్టినప్పటి నుంచి సున్నంలో పెరిగినదాన్ని, బాగా అర్థమైంది. "ఫాదర్ మాట" అన్నాను. "గుడి ఆయనది. మాట ఆయనది" అని లేచాడు. కొబ్బరికాయ తెమ్మంటావా అని అమ్మ అడిగితే "దీనికెందుకు" అన్నాడు. ఆ వేసవంతా లోపలా బయటా బూడిదరంగు పూశాడు. ఆఖరి రోజు అన్నం పట్టుకెళ్ళేసరికి పెద్ద తలుపు వెనక గోడ దగ్గర ఉన్నాడు. ఆ తలుపు రెక్క తెరిస్తే గోడకు ఆనుకుంటుంది, దాని వెనక ఏముందో ఎవరికీ కనబడదు. అక్కడ బారెడు మేర పాత సున్నం అలాగే వదిలేసి, తాపీ కడుక్కుంటున్నాడు. ఇదెందుకు వదిలినవని అడిగాను. "సిమెంటు అయిపోయింది. తలుపు సాటుకు ఎవలు జూస్తరు" అన్నాడు. బయట ఊతగోడ పక్కన విప్పని బస్తాలు రెండున్నాయి. వాటిని ఆయనా చూశాడు, నేనూ చూశాను, నేను అన్నం మూట విప్పాను.

ఫాదర్ నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చాడు. గుడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. పక్కన బాపు, వెనక బిందెతో నేను. "రాజన్నా, నీకు మంచిదనిపిస్తే మంచిదే" అన్నాడు ఫాదర్. "మీ మాటే గద ఫాదర్" అన్నాడు బాపు. నేను బిందెను ఇంకో చంకకు మార్చుకున్నాను. ఫాదర్ చిన్నగా నవ్వి, బాపు భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మేస్త్రి మర్యాదకు అన్నాడని ఫాదర్ అనుకున్నాడు, పెద్దమనిషి ఇక ఆ ముచ్చట ఎత్తదలచుకోలేదని బాపు అనుకున్నాడు. ఒక్కరు ఇంకొక్క మాట అడిగి ఉంటే నేను ఈపాటికి బీడీలు చుడుతూ మా ఊళ్ళోనే ఉండేదాన్ని, ఆ గుడి తెల్లగా ఉండేది. వారం తిరక్కుండా నేను చంద్రపూర్ బస్సెక్కాను. బాపు నా ట్రంకుపెట్టె బస్సు మీదికెక్కించి దిగాడు. ఆయన ఇక అడగాల్సిన ప్రశ్న లేదు కదా.

దీపావళికి ఇంటికొచ్చేసరికి గుంట ఎండిపోయి రాయిలా గట్టిపడింది, దాని మీద కోళ్ళు తిరుగుతున్నాయి. బాపు కాలనీ పనుల్లో ఎవరి చేతికిందో సిమెంటు మేస్త్రి అయ్యాడు. నాకు స్వేచ్ఛ వచ్చిందని చెప్పాలి, వచ్చింది. మంచిర్యాలలో, చంద్రపూర్‌లో పని చేశాను, నెల నెలా జీతం, సెలవుల్లో యాత్రలు, ఎక్కడికైనా చెప్పాపెట్టకుండా బస్సెక్కగల ధైర్యం. చాందా కోట దర్వాజా కింద నుంచి రోజూ డ్యూటీకి వెళ్ళాను. ఆ కమాను కొన చూసినప్పుడల్లా తలదించుకుని నడిచాను. ఊరికి వెళ్ళినా గుడి వైపు వెళ్ళలేదు. మా ఇంట్లో గొళ్ళెం తీసి పారేసి వచ్చాననుకున్నాను, దాన్ని నా వెంటే తెచ్చుకున్నాను. బాపు పోయిన రోజు ఒళ్ళు తుడుస్తూ ఆయన చేతులు చూశాను. గోళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. ఆయనకు తెలుసా తెలియదా అని ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ఆ విప్పని బస్తాలు రెండూ గుర్తొస్తూనే ఉన్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నేను మందు నాకోసం వేసుకుంటే ఊడిన నాలుక బాపుది.

శాలువాతో నన్ను మైకు ముందుకు తీసుకెళ్ళారు. తాత గురించి నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోవచ్చు. గుడి నేలమట్టమైతే తలుపు వెనక చోటు కూడా పోతుంది, నా సంగతి ఇక ఎవరికీ తెలియదు. పదహారేళ్ళప్పుడైతే అదే చేసేదాన్ని. "మా తాత సున్నంల ఏం లోపం లేదు" అన్నాను. "మా బాపు పనిల లోపం లేదు. గోడలకు ఊపిరాడకుండ జేసింది నేను." ఎవరూ రాయని ఉత్తరం గురించి, రెండిళ్ళకు మోసిన రెండు అబద్ధాల గురించి, నర్సింగు సీటు గురించి, అంతా చెప్పేశాను. ఫాదర్ మెల్లగా దగ్గరికొచ్చి, "అమ్మా, చేసిన తప్పు మా దగ్గర ఫాదర్ చెవుల చెప్తరు, మైకుల గాదు" అన్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు, తరవాత అందరూ నవ్వారు, నేను ఏడ్చాను. కమిటీ పెద్దాయన నవ్వలేదు. "నూరేండ్ల గుడి అని పేరు చెప్పుకుంటిమి, నీ ఒక్కదాని సదువుకు బలైందన్న మాట" అన్నాడు. అవునన్నాను. అది నేను వినాల్సిన మాటే.

"ఒక్కసారి ఆ పెద్ద తలుపు ముయ్యండి" అన్నాను. బీగం అవసరం లేని తలుపు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కీళ్ళు తుప్పు పట్టి నలుగురు నెట్టాల్సి వచ్చింది. రెక్క గోడ నుంచి విడివడింది. బూజు, బల్లి గుడ్లు, వాటి వెనక బారెడు మేర తెల్లటి గోడ, కొబ్బరిచిప్ప లోపలిలా నున్నగా, పొడిగా. దాని అంచు నుంచి మొదలై బూడిదపూత ఉబ్బి ఊడుతోంది. ఇంజనీరు వచ్చి వేలి కణుపుతో తెల్ల గోడ మీద కొట్టాడు, గట్టిగా పలికింది. పక్కన పూత మీద కొట్టాడు, బోలుగా పలికింది. మళ్ళీ ఇక్కడ, మళ్ళీ అక్కడ. చాలాసేపు కొట్టాడు. "దూలాల కొసలు పుచ్చినయి మావషీ, నేను మాట ఇయ్యలేను" అన్నాడు చివరికి. మావషీ అంటే పిన్ని. "అయితే ఒక గోడకు సిమెంటు పీకి సూడొచ్చు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం. ఆరితే అప్పుడు మాట్లాడుదం." ఫాదర్ కమిటీ వైపు చూశాడు. కమిటీ పెద్దాయన తెల్ల గోడ మీద అరచేయి పెట్టి ఉన్నాడు. తీయకుండానే "పీకి సూద్దాం" అన్నాడు.

పీకితే మళ్ళీ పూయడానికి సున్నం ఉండాలి, మూడు వానలు తాగిన సున్నం ఇప్పుడెక్కడ దొరుకుతుంది? మా పాత పెరటికి గడ్డపారలు పట్టుకుని వెళ్ళాం. ఇల్లు అన్న కొడుకు చేతిలో ఉంది, గుంట మీద మోటారు సైకిలు నిలిపే చోటు. పైపొర జానెడు మందాన రాయి, ఒక పూటంతా పట్టింది. ఆ పొర పగిలాక కింద గడ్డపార చప్పుడు లేకుండా దిగిపోయింది. ఇన్నేళ్ళ వానలు ఏ పగుళ్ళలోంచి దిగాయో, అడుగున మోకాలి లోతు సున్నం మెత్తగా, తడిగా ఉంది. బాపు ఉడికించిన సున్నం. గోరంత తీసి నాలుక కొసన పెట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. చురుక్కుమని, తరవాత చల్లగా, తరవాత ఏమీ లేనట్టు. "ఏమంటుంది అత్తా?" అన్నాడు అన్న కొడుకు. "లేసే ఉన్నది" అన్నాను. నీళ్ళు తెప్పించి, బొటనవేలు మడిచి, నాలుగు వేళ్ళు పెట్టి కొలిచాను. వేళ్ళు ముసలివైనా కొలత అదే.

చంద్రపూర్ ఇంటికి తాళం వేసి ఊళ్ళోనే ఉంటున్నాను. పొద్దున చాయ్‌కి ముందు రెండు బిందెలు, ఇప్పుడు పైపు ఉంది కాబట్టి అంత కష్టం కాదు. గుడి పడమటి గోడ రాళ్ళు బయటపడి, చర్మం ఒలిచినట్టు ఎర్రగా చెమరుస్తూ ఉంది. ఎండ పడినప్పుడు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆరుతుందో లేదో వచ్చే ఎండాకాలానికి గాని తెలియదు. మొన్న నాతో పని చేసిన నర్సులు ఫోన్ చేశారు. అందరూ కలిసి పది రోజులు కాశీ యాత్ర, నాక్కూడా టికెట్ తీస్తామన్నారు. గలగలమంటున్నారు. ఎప్పటి నుంచో చూడాలనుకున్న ఊరు అది. నేను పెరటి గట్టున కూర్చుని ఉన్నాను, చేయి నీళ్ళలో ఉంది. "నేను రాను" అన్నాను. "ఎందుకు రావే, ఇంట్ల ఎవరున్నరు నీకు?" అంది ఒకామె. కోపమేమీ లేకుండా, ఆమె దగ్గరేమైనా జవాబుందేమోనని నిజంగానే అడిగాను: "గుంటకు నీళ్ళెవరు పోస్తరు?"